ఎవరికి వారికి ఒక కాయితం

పోచన్న పరుపు మూడో అంతస్తు నుంచి కింద పడితే పెద్దగా చప్పుడు కూడా కాలేదు. పాత పరుపు, పల్చనిది. దాని వెనకే స్టీలు డబ్బా వచ్చి పడింది. మూత ఊడి బియ్యం ఇసుకలో కలిసిపోయాయి. ఆ తర్వాత రెండు జతల డ్యూటీ బట్టలు, దేవుని పటం, పొద్దున్నే వండి పెట్టుకున్న అన్నం గిన్నె.

శుక్రవారం, తొమ్మిది కావస్తోంది. ఒమాన్‌లోని మబేలాలో జూన్ నెల ఎండకి అప్పటికే గోడ మీద చెయ్యి ఆనడం లేదు. సెలవు కాబట్టి పన్నెండు ఫ్లాట్ల వాళ్లూ ఇంటి పట్టునే ఉన్నారు. గల్లీలో నిలబడి కొందరు, మెట్ల మీద కొందరు, కిటికీల్లోంచి కొందరు. అందరూ చూస్తున్నారు. ఎవరూ ముందుకు రావడం లేదు.

"ఏం జేసిండట?"

"కిరాయి బాకీ ఉన్నడట."

"పోచన్ననా? అసుంటోడు కాదే."

"మనకెందుకు? ఊకో."

గంగాధర్ సేటు కారుకి ఆనుకుని తాళంచెవి వేలికి తిప్పుతున్నాడు. ఈ బిల్డింగు ఆయనది కాదు. ఓనరు ఎవరో ఒమానీ, ఎప్పుడో గానీ కనిపించడు. మొత్తం బిల్డింగు లీజుకి తీసుకుని ఫ్లాటు ఫ్లాటు విడివిడిగా కిరాయికి ఇచ్చేది గంగాధరే. ఇరవై ఏళ్ల కింద ఆర్మూర్ నుంచి మేస్త్రీ కింద కూలీగా వచ్చిన మనిషి. అందుకే అందరూ 'మనోడే' అంటారు.

"ఏం జూస్తున్రు?" అన్నాడు గొంతు పెంచి. "ఈ నెల ముప్పై తారీకుకు అందరి లీజు అయిపోతది. ఎవ్వలకు పొడిగించుడు లేదు. మర్యాదగ ఖాళీ జేస్తె మర్యాద. లేకుంటె గిట్లుంటది."

పోచన్న అప్పుడే మార్కెట్‌లో ఊడ్చే డ్యూటీ ముగించుకుని గేటు లోపలికి వచ్చాడు. అరవై దాటిన మనిషి. పరుపుని చూశాడు, పైకి చూశాడు. గొంతుక్కూర్చుని ఇసుకలోంచి బియ్యపు గింజలు ఏరడం మొదలుపెట్టాడు.

లింబాద్రి రెండో అంతస్తు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. నిజం చెప్పాలంటే అతను పోచన్నను చూడటం లేదు. ఎదురింటి గడపలో నిలబడ్డ నర్సింగ్ చొక్కా జేబును చూస్తున్నాడు.

ముందురోజు సాయంత్రం నర్సింగ్ గంగాధర్ ఆఫీసులోంచి బయటికి రావడం లింబాద్రి కళ్లారా చూశాడు. చేతిలో కాయితం, దాని మీద నీలం ముద్ర. లింబాద్రి కనబడగానే దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు. "ఏందిరా అది?" అంటే "ఏం లేదన్నా, డ్యూటీ కాయితం" అన్నాడు. ఆరేళ్లలో నర్సింగ్ తనతో ఆడిన మొదటి అబద్ధం అది.

గంగాధర్ కారు గల్లీ దాటాక నర్సింగ్ మెట్లు దిగాడు. పరుపు దులిపి భుజాన వేసుకున్నాడు. "లే మామా, మా ఇంట్ల ఉందువు నడువు" అని పోచన్న రెక్క పట్టి లేపాడు. జనంలో గుసగుస కదిలింది. "మంచోడే" అన్నారెవరో.

కాయితం జేబులో ఉంటే ఎవరికైనా వస్తుంది ఆ మంచితనం, అనుకున్నాడు లింబాద్రి.

*

మెట్‌పల్లి దగ్గర లింబాద్రివీ నర్సింగ్‌వీ పక్కపక్క ఊళ్లు. లింబాద్రి ఒమాన్ వచ్చి పదకొండేళ్లు. షట్టరింగ్ కార్పెంటర్. స్లాబు కింద చెక్కలు బిగించడంలో అతని చేతికి తిరుగులేదంటారు సైట్‌లో. ఆరేళ్ల కింద నర్సింగ్ కొత్తగా వచ్చినప్పుడు ఫోర్‌మన్‌కి చెప్పి పనిలో పెట్టించింది లింబాద్రే. ఒక్క దుప్పటి ఇద్దరూ కప్పుకుని పడుకున్నారు. మేకు ఎట్లా పట్టుకోవాలో, సుత్తి ఎక్కడ వేయాలో చెయ్యి పట్టి నేర్పాడు.

నర్సింగ్ అక్కడితో ఆగలేదు. డ్యూటీ అయ్యాక ఏసీ రిపేరు నేర్చుకున్నాడు. నాలుగు అరబ్బీ ముక్కలు నేర్చుకున్నాడు. టెక్నీషియన్ అయ్యాడు. రెండేళ్ల కింద భార్య సుమలతను తెచ్చుకుని ఎదురు ఫ్లాట్‌లోనే కాపురం పెట్టాడు. ఆమె స్కూల్లో ఆయా పనిలో చేరింది.

అప్పటినుంచి రోజూ సాయంత్రం ఆ తలుపు సందులోంచి ఉల్లిగడ్డ వేగిన వాసన వస్తుంది. వరండా తీగ మీద చీర ఆరుతుంది. లింబాద్రి రూమ్‌లో అతను కాక నలుగురు. కుబ్బూసు రొట్టె, నిన్నటి పప్పు. డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతూ ఆ చీర వైపు చూడకూడదనుకుంటాడు, చూస్తాడు. సుమలత ఎదురైతే "బాగున్నవా బావా?" అంటుంది. ఆ మాటకి కూడా అతనికి కోపమే.

అతనికీ ఆశ ఉంది. ఈ మధ్యే జీతం పెరిగింది. ఊళ్లో ఉన్న భార్య కనకవ్వను తెచ్చుకోవచ్చు. ఫ్యామిలీ వీసాకి అప్లై చేయబోతే తన పేరు మీదున్న ఫ్లాటు లీజు చూసి, "నెల కూడా లేదు, పొడిగించుకుని రా" అన్నారు. గంగాధర్‌ని అడిగితే "ఎవ్వలకు లేదు" అన్నాడు. అందరికీ లేదంటే అది ఒక రకం. బాధ అందరితో పంచుకోవచ్చు. కానీ ఇప్పుడు నర్సింగ్ జేబులో నీలం ముద్ర ఉంది.

ఆ మధ్యాహ్నమే కనకవ్వ వీడియో కాల్ చేసింది.

"సుమలతోళ్లమ్మ చెప్పింది, ఆళ్ల ఇంటి కాయితం ఇంకో రెండేండ్లు పొడిగించిండ్రట గద? నువ్వేమొ సేటు ఎవ్వలకు జేస్తలేడంటివి."

"నాకేమెరుక?"

"నీ చేతికింద పని నేర్సుకున్న పిలగాడు. ఆనికెట్లయింది, నీకెందుకు కాదు?"

"నాకేమెరుక అంటున్న గద!"

"ఊకెనే అడిగిన. అరుస్తవేందయ్యా?" అంది కనకవ్వ. ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమీ లేదు. అదే అతన్ని ఎక్కువ కోసింది.

*

శనివారం సైట్‌లో మధ్యాహ్నం విరామం. ఎండాకాలం పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా బయట పని బంద్. షెడ్డులో వరసగా పడుకున్నారు కూలీలు. తోటివాళ్లు పోచన్న సంగతే మాట్లాడుకుంటున్నారు. బిల్డింగులో కింద ఫ్లాటు వహాబ్ భాయ్ అందరినీ కూడగడతానంటున్నాడట, అందరం కలిసి అడుగుదామంటున్నాడట. లింబాద్రి అటు తిరిగి పడుకున్నాడు. అందరూ కలిస్తే ఏమొస్తుంది? నర్సింగ్‌కి ఒంటరిగా పోతే వచ్చింది.

సాయంత్రం డ్యూటీ బట్టలతోనే గంగాధర్ ఆఫీసుకు వెళ్లాడు.

"కూసో లింబాద్రీ," అన్నాడు గంగాధర్. చాయ్ తెప్పించాడు. పదకొండేళ్లలో ఎప్పుడూ తెప్పించలేదు.

"నర్సింగ్‌కు పొడిగించిన్రట గద సేటూ."

గంగాధర్ నవ్వాడు. "ఎవలు జెప్పిండ్రు? వాడు అచ్చి మంచిగ అడిగిండు. నువ్వు అడగలే."

"వానికంటె ఐదేండ్లు ముందటోన్ని నేను."

"తెల్సు. పెండ్లాన్ని తెచ్చుకోవాలని సూస్తున్నవట గద? అందుకే నీకు గూడ జేస్త. కని ఒక్కటే మాట. ఒక్కలకు తెల్వద్దు. తెలిస్తె పన్నెండు మంది నా మీద పడ్తరు. ఎందరికని జేస్త?"

"నా రూమ్‌ల నలుగురున్నరు..."

"కాయితం నీది. నలుగురి సంగతి నువ్వే సూస్కో."

టేబుల్ మీద అరబ్బీలో అచ్చయిన కాయితం పెట్టాడు. నాలుగు లైన్లు, కింద నీలం ముద్ర. "ఏం రాసున్నది?" అని అడిగాడు లింబాద్రి.

"పొడిగింపు. రెండేండ్లు. నీకు అరబ్బీ అచ్చిననాడు సదువుకుందువు తీయ్."

ఇద్దరూ నవ్వారు. లింబాద్రి రెండు కాపీల మీద సంతకం చేశాడు. ఒకటి గంగాధర్ సొరుగులోకి, ఒకటి లింబాద్రి జేబులోకి పోయింది. లేచి తలుపు దాకా వచ్చాడు.

"అవునూ, ఆ ముసలోడు యాడున్నడు? దేశం పోయిండా?" గంగాధర్ ఫోన్‌లోకి చూస్తూ మామూలుగా అడిగాడు.

తెలియదని అనొచ్చు. ఎవరూ గొంతు మీద కత్తి పెట్టలేదు. బెదిరించలేదు. బతిమాలను కూడా లేదు.

"నర్సింగ్ ఇంట్ల," అన్నాడు లింబాద్రి. "వంటింట్ల పండుకుంటుండు."

బయటికి వచ్చాక ఒళ్లు తేలికైంది. కనకవ్వకు ఫోన్ చేసి "మనకు గూడ అయింది, ఎవ్వలకు జెప్పకు" అన్నాడు. ఇంటికి పోతూ నర్సింగ్ తలుపు ముందు ఒక్క క్షణం ఆగాడు. ఉల్లిగడ్డ వాసన. ఆ రోజు దానికి కడుపు మండలేదు.

*

సోమవారం పట్టపగలు, నర్సింగ్, సుమలత డ్యూటీలో ఉండగా గంగాధర్ మనుషులు వచ్చి వాళ్ల ఫ్లాటుకి కరెంటు తీగ కోసిపోయారు. నలభై ఆరు డిగ్రీల ఎండ. లోపల పోచన్న ఒక్కడే ఉన్నాడు. బయటికి వస్తే మళ్లీ ఎవరైనా పట్టుకుంటారని గడియ వేసుకుని కూర్చున్నాడు.

నాలుగింటికి సుమలత వచ్చి తలుపు ఎంత కొట్టినా తీయలేదు. పక్కవాళ్లు గడియ విరగ్గొట్టారు. వంటింటి బండల మీద పడి ఉన్నాడు. పెదాలు ఎండి పగిలాయి, పిలిస్తే కళ్లు మాత్రం కదులుతున్నాయి. కింద ఫ్లాటులో ఉండే అబ్దుల్ వహాబ్ తన పికప్‌లో ఎక్కించుకుని ఆస్పత్రికి ఉరికించాడు. హైదరాబాదీ, సామాన్లు మోసే బండి డ్రైవరు.

లింబాద్రి డ్యూటీ నుంచి వచ్చేసరికి సుమలత మెట్ల మీద నిలబడి ఉంది. ముఖం మీద చెమటో కన్నీళ్లో తెలియడం లేదు.

"ముసలాయన మా ఇంట్ల ఉన్నడని ఎవలు జెప్పిండ్రు?" అని ఎక్కే మనిషినీ దిగే మనిషినీ నిలదీస్తోంది. "బయటోనికి ఎట్ల తెలుస్తది? మనలనే ఎవడో జెప్పిండు. ఆ నోరు ఎవలిది?"

లింబాద్రి తన టిఫిన్ డబ్బా మూత వైపు చూస్తూ పక్కనుంచి ఎక్కిపోయాడు.

సెలైన్లు ఎక్కించి పోచన్నను మూడో రోజు పంపించారు. అదే రోజు వహాబ్ ప్రతి తలుపూ తట్టాడు. "పొద్దు గూకేయాల్లకు అందరూ పైకి రావాలె. డాబా మీదికి. ఇంటికొక్కరు కాదు భాయ్, అందరూ."

*

నీళ్ల ట్యాంకుల నడుమ డాబా నిండిపోయింది. పొద్దు వాలుతున్నా కాళ్ల కింద సిమెంటు కాలుతూనే ఉంది. మేస్త్రీలు, డ్రైవర్లు, సెలూన్‌లో పనిచేసేవాళ్లు, స్కూలు ఆయాలు, హోటల్ వంటమనుషులు. లింబాద్రికి రావాలని లేదు. రాకపోతే అనుమానం వస్తుందని వచ్చి వెనక నిలబడ్డాడు.

"కంప్లయింట్ అంటె వీసా పోతది," అన్నాడు సెలూన్ మనిషి. "మేం దినాం పని జేస్తె దినాం తినేటోళ్లం. సేటుతోని పెట్టుకుంటమా?"

"పెట్టుకోకుంటె మాత్రం యాడుంటవ్? ముప్పై తారీకు రోడ్డు మీదనే గద?" అన్నాడో మేస్త్రీ.

"ఇంకో రూమ్ సూస్కుంట."

"ఆడ ఇంకో గంగాధర్ ఉంటడు!"

"ఒక్కమాట వినుండ్రి," అని వహాబ్ చెయ్యెత్తాడు. "ఈ బిల్డింగు మొత్తం ఒక కంపెనీకి లేబర్ క్యాంపుకు మాట్లాడుకున్నడు. అందుకే మనల్ని ఎల్లగొడుతుండు. మనం రాయి ఎత్తుతలేం, గలాట జేస్తలేం. కాయితం అడుగుతున్నం, అంతే గద భాయ్? మా ఇంటామె టైపింగ్ సెంటర్ల పని జేస్తది. అరబ్బీ కాయితాలు దినాం ఆమె చేతులకెల్లే పోతయ్. ఆమె చెప్తది."

అజీజా లేచి నిలబడింది. కడప మనిషి, గొంతు గట్టిది.

"మీ పాత లీజు కాయితం ఎప్పుడన్నా సదివించుకున్నారా? ఖాళీ చేయమనాలంటే మూడు నెల్ల ముందు రాసి ఇయ్యాల. ఆయప్ప ఇచ్చినాడా?"

"నోటితోని జెప్పిండు."

"నోటి మాట చెల్లదు. రాసి ఇయ్యలేదంటే లీజు దానంతట అదే పొడిగింపయినట్టు. ఈ సంగతి ఆయప్పకు మనకంటే బాగా తెలుసు. తెలిసీ ముప్పై తారీకు ముప్పై తారీకు అని ఏ ధైర్యంతో అంటాండాడో, అదే నాకు అంతుపట్టడం ల్యా."

నర్సింగ్ తల వంచుకుని ముందుకు వచ్చాడు. జేబులోంచి నాలుగు మడతల కాయితం తీశాడు.

"అక్కా, ఇది జూడు. నాకు పొడిగించిండు. ఎవ్వలకు జెప్పద్దన్నడు, దాసుకున్న. పోచన్న మామ పడిపోయిన కాడికెల్లి నాకు బువ్వ దిగుతలేదు."

డాబా అంతా ఒక్కసారి గోలెత్తింది. "ఓర్నీ! లోపల్లోపల పని జేసుకుంటివార?" "దొంగ!" "అందుకేనా ముసలోన్ని ఇంట్ల పెట్టుకుని మంచోని లెక్క తిరిగినవ్?"

వెనక నిలబడ్డ లింబాద్రికి ఆ అరుపులు చెవులకు ఇంపుగా ఉన్నాయి. తిట్టండి, ఇంకా తిట్టండి, అనుకున్నాడు. ఇన్నేళ్ల మంట ఒక్కసారిగా చల్లబడుతున్నట్టుంది. అజీజా కాయితాన్ని ఒకసారి చదివి, మళ్లీ మొదటినుంచి చదువుతున్నంత సేపే ఉంది ఆ సుఖం.

"నర్సింగూ, ఇది పొడిగింపు కాదు," అంది అజీజా.

"మరేంది?"

"'నేను నా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతం లేకుండా, ఈ నెల ముప్పైన ఫ్లాటు ఖాళీ చేసి అప్పగిస్తాను. ఆ తర్వాత నాకు దాని మీద ఏ హక్కూ లేదు.' ఇంతే ఉండేది. కింద నీ సంతకం."

సుమలత అజీజా చేతిలోంచి కాయితం లాక్కుని చూసింది, చదవరాకపోయినా.

ట్యాంకు నీడలో కూర్చున్న పోచన్న దగ్గి గొంతు సవరించుకున్నాడు. "నన్ను గూడ పిలిచిండు బిడ్డా. గసుంటి కాయితమే. ఏలు పెట్టుమన్నడు. నేను పెట్టలే. ఎన్కట ఏజెంటు ఉత్త కాయితం మీద ఏలు పెట్టించుకుంటె ఆరేండ్లు గొడ్డుచాకిరి జేసిన. సదివి జెప్పు, అప్పుడు పెడ్త అన్న. తెల్లారి నా పరుపు ఇసిరేసిండు."

"మరి బాకీ ఉన్నవని..." అన్నాడు సెలూన్ మనిషి. "మాకెందుకు జెప్పలే మామా?"

"మీరెవ్వలు అడగలే," అన్నాడు పోచన్న.

లింబాద్రి జేబులో కాయితం చెమటకి ఒంటికి అతుక్కుంది. వెనకే ట్యాంకు. మూత తీసి లోపల పడేస్తే ముద్దయిపోతుంది, ఎవరికీ తెలియదు. ఇన్నాళ్లూ తను ఏడ్చింది దేని కోసం? నర్సింగ్ జేబులో ఉన్నది ఏమిటని ఏడ్చాడు? ఆ లేని దాని కోసమే ముసలాయన్ని ఎండలో పడేశాడు.

జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చాడు. కాయితం తీసి అజీజా చేతిలో పెట్టాడు.

"నా తాన గూడ ఉన్నది," అన్నాడు. అందరి వైపూ తిరిగాడు. మళ్లీ అన్నాడు. "నా తాన గూడ ఉన్నది. ఇంకో మాట. పోచన్న మామ నర్సింగ్ ఇంట్ల ఉన్నడని సేటుకు జెప్పింది నేనే."

నర్సింగ్ అతని కాలర్ పట్టుకున్నాడు. అన్నా అని తప్ప పిలవని మనిషి. "ఎందుకే అన్నా? నేను నీకేం జేసిన?"

"నువ్వేం జెయ్యలే. నీకున్నది, నాకు లేదు. గంతే."

ఎవరో కొట్టడానికి మీదికి వచ్చారు. పోచన్న లేచి అడ్డం వచ్చాడు. "ఆగుండ్రి. పడ్డోన్ని నేను. కొట్టాలంటె నేను కొట్టాలె." లింబాద్రి ముందు నిలబడి అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు. చెయ్యి లేవలేదు. "ఇప్పుడన్న జెప్పినవ్," అని పోయి కూర్చున్నాడు.

నర్సింగ్ కాలర్ వదిలేశాడు. సుమలత మాత్రం వదల్లేదు. "బావా బావా అని పిలిచిన. థూ!" అంది. అందరి ముందూ అంది. లింబాద్రి తల ఎత్తలేదు.

అప్పుడు సెలూన్ మనిషి మెల్లగా పర్సు తీశాడు. అందులోంచి మడతపెట్టిన కాయితం. హోటల్ వంటమనిషి ఫోన్ కవరులోంచి తీశాడు. 'ఆడ ఇంకో గంగాధర్ ఉంటడు' అని అరిచిన మేస్త్రీ తలపాగా విప్పాడు. అజీజా చేతిలో మొత్తం తొమ్మిది పోగయ్యాయి. పన్నెండు ఇళ్లలో తొమ్మిది ఇళ్లు. అన్నింట్లోనూ అవే నాలుగు లైన్లు.

"ఒక్క అబద్ధాన్ని తొమ్మిది ఇండ్లల్ల అమ్మిండు," అన్నాడు వహాబ్. అతని గొంతులో కోపం కంటే బాధ ఎక్కువుంది. "ఎట్ల అమ్ముడు వోయింది? నాకు దొరకాలె, పక్కింటోనికి దొరకద్దు అనుకున్నం మనం. ఆ మాటను బట్టే గంగాధర్ బతుకుతుండు. మనం రూమ్‌లు కట్టినోళ్లం, రోడ్లు ఊడ్చినోళ్లం. మనకు మనమే కానోళ్లమైతిమి. ఇప్పుడు చెప్పుండ్రి. ముప్పై తారీకు ఎవరెవరు ఖాళీ జేస్తరు?"

ఎవరి చెయ్యీ లేవలేదు.

*

ఆదివారం అందరూ డ్యూటీ మానేశారు. జీతం కోత పడుతుందని తెలిసే మానేశారు. పన్నెండు పాత లీజులు, పన్నెండు పొడిగింపు దరఖాస్తులు పట్టుకుని బలదియా ఆఫీసు ముందు వరస కట్టారు. మున్సిపాలిటీని ఇక్కడ బలదియా అంటారు. తొమ్మిది మందితో మోసం చేసి సంతకాలు పెట్టించుకున్నారని అజీజా విడిగా రాసింది. కౌంటర్‌లో మనిషి వరసను చూసి ఆశ్చర్యపోయాడు గానీ అన్నీ తీసుకుని రసీదులిచ్చాడు. రెండు వారాల తర్వాత విచారణ, అప్పటిదాకా ఎవరి ఇంట్లో వాళ్లు ఉండండన్నాడు.

ఆ వారమంతా గంగాధర్ ఫోన్లు చేశాడు. ఒక్కొక్కరికే చేశాడు. "నీకొక్కనికి జేస్త," అని. ఎత్తినవాళ్లు స్పీకర్ పెట్టి పక్కవాళ్లకి వినిపించారు.

లింబాద్రికి రెండుసార్లు చేశాడు. అతనూ స్పీకర్ పెట్టాడు. అయినా బిల్డింగులో అతనితో ఎవరూ సరిగ్గా మాట్లాడటం లేదు. ముప్పై తారీకున మెట్ల మీద అడ్డంగా కూర్చునేటప్పుడు ఏం చేయాలో, ఎవరెక్కడ కూర్చోవాలో అన్నీ నర్సింగ్‌నే అడుగుతున్నారు. నర్సింగ్ చెప్తే వింటున్నారు. లింబాద్రి కడుపులో ఆ పాత మంట మళ్లీ రాజుకునేది. సిగ్గుపడేవాడు. సిగ్గుపడ్డంత మాత్రాన అది ఆరలేదు.

ముప్పై తారీకు పొద్దున ఎనిమిదింటికి లారీ వచ్చి ఆగింది. దాని నిండా ఇనుప మంచాలు, ఒకదాని మీద ఒకటి బిగించే క్యాంపు మంచాలు. దించడానికి పది మంది కూలీలు. ముందు కారులో గంగాధర్.

గేటు తీసి ఉంది. అన్ని తలుపులూ తీసి ఉన్నాయి. కింది మెట్టు నుంచి మూడో అంతస్తు దాకా ప్రతి మెట్టు మీదా మనుషులు కూర్చున్నారు. ఆడవాళ్లు, మగవాళ్లు, డ్యూటీ బట్టలతోనే. కాలు పెట్టే సందు లేదు. ఎవరూ అరవడం లేదు. బలదియా రసీదు ఒక్కటే ప్రతి ఒక్కరి చేతిలో.

"లేవుండ్రి!" అని అరిచాడు గంగాధర్.

"కాయితం సూపియ్ సేటూ," అన్నాడు కింది మెట్టు మీద నర్సింగ్. "సదివి వినిపియ్. అందరి ముంగట."

గంగాధర్ ఫోన్ చేశాడు. అరగంటలో పోలీసు జీపు వచ్చింది. గుంపు కట్టి దారి ఆపుతున్నారని, తన మనుషుల్ని బెదిరిస్తున్నారని ఫిర్యాదు. గంగాధర్ ఇచ్చిన లిస్టులోంచి ఆఫీసరు పేర్లు చదివాడు. అబ్దుల్ వహాబ్. నర్సింగ్. పోచన్న. విచారణకి స్టేషన్‌కి రావాలన్నాడు.

వహాబ్ లేచాడు. పోచన్న గోడ పట్టుకుని లేచాడు. నర్సింగ్ లేచాడు. వాళ్లు నడుస్తుంటే మెట్ల మీద వాళ్లంతా చేతులు చాచి వాళ్ల భుజాలు, వీపులు తాకుతున్నారు. సెలూన్ మనిషి నర్సింగ్ చేతిని కళ్లకద్దుకున్నాడు.

లింబాద్రి లేచి నిలబడ్డాడు. "నా పేరు?"

ఆఫీసరు లిస్టు చూసి తల అడ్డంగా ఊపాడు.

"నా పేరెందుకు లేదు? నేను గూడ కూసున్న. రాసుకోండ్రి. లింబాద్రి!"

"లింబాద్రి మనోడే," అని నవ్వాడు గంగాధర్. అందరికీ వినబడేట్టు అన్నాడు.

ఆ మాట అతని ముఖం మీద ఉమ్మినట్టు పడింది. నర్సింగ్ ఇల్లాలిని తెచ్చుకున్నాడని ఏడ్చాడు, కాయితం దొరికిందని ఏడ్చాడు. ఇప్పుడు నర్సింగ్ పేరు ఆ లిస్టులో ఉందని, తనది లేదని ఏడుపొచ్చింది. ఇంతకుముందు ఏ ఏడుపుకీ కళ్లలో నీళ్లు రాలేదు. దీనికి వచ్చాయి.

జీపు తలుపు దగ్గర నర్సింగ్ వెనక్కి తిరిగాడు. "అన్నా," అన్నాడు. డాబా మీది మీటింగ్ తర్వాత అదే మొదటి పిలుపు. "మెట్టు ఖాళీ ఉన్నది, సూస్కో."

జీపు వెళ్లిపోయింది. గంగాధర్ చేతులు దులుపుకున్నాడు. "అయిపోయింది. యల్లా, మంచాలు లోపలికి పట్టుండ్రి."

కూలీలు ఇద్దరిద్దరుగా మంచాలు ఎత్తుకుని గేటు దాటారు. లింబాద్రి దిగివచ్చి కింది మెట్టు మీద, నర్సింగ్ లేచిన చోట కూర్చున్నాడు. పక్క మెట్టు మీద సుమలత ఉంది. అతని వైపు చూడలేదు. కొంచెం జరిగి చోటిచ్చింది. పైన అజీజా వహాబ్ చోట్లోకి, సెలూన్ మనిషి పోచన్న చోట్లోకి వచ్చారు. మూడు ఖాళీలూ పూడుకున్నాయి.

ముందు మంచం మోస్తున్న కూలీ మెట్ల దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. కూర్చున్నవాళ్లని కిందినుంచి పైదాకా చూశాడు. చొక్కా చెమటకి తడిసి ముద్దయింది. నిజామాబాద్ యాస.

"జరుగుండ్రన్నా. ఇది మాకిచ్చిన క్యాంపు. ఇయ్యాల్టి నుంచి మేముండాలె ఈడ."

"ఉండుండ్రి," అన్నాడు లింబాద్రి. "ఎన్నొద్దులుంటరు? మీ పేరు మీద ఏమన్న ఉన్నదా? మిమ్ముల ఎల్లుండి ఎల్లగొడితె ఏం జూపిస్తరు?"

కూలీ వెనక్కి తిరిగి తోటివాళ్లని చూశాడు. వాళ్లు అతన్ని చూశారు. గేటు అవతల గంగాధర్ "ఆగిన్రేంది? యల్లా!" అని అరుస్తున్నాడు.

కూలీ మంచాన్ని మెల్లగా దించాడు. వెనకవాళ్లూ దించారు. ఇనుము సిమెంటుకు తగిలిన చప్పుడు మూడో అంతస్తు దాకా వినిపించింది. అతను మెడలో తువ్వాలతో ముఖం తుడుచుకుని, లింబాద్రి చేతిలో రసీదు వైపు చూశాడు.

"ఏం కాయితమన్నా అది?"

"కూసో," అన్నాడు లింబాద్రి. "సదివిచ్చి చెప్త."